నిలకడ లేని ఒడ్డు: శ్రీశైలం జలాశయం అంచున

శ్రీశైలం జలాశయంలో నీటిమట్టం 838 అడుగుల దరిదాపుల్లోకి దిగితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. నంద్యాల జిల్లా కొత్తపల్లె మండలంలోని ఈ గుడి ఏడాదిలో చాలా నెలలు నీళ్లలోనే ఉంటుంది. కృష్ణకు వరద మొదలయ్యాక నీరు ముందు ప్రాంగణంలోకి, తర్వాత గర్భగుడిలోకి చేరుతుంది. పూజారి ఆఖరి హారతి ఇచ్చి బయటికి వస్తారు. ఆ తర్వాత కొన్నాళ్లు పడవ మీద వెళ్లి శిఖరానికే పూజ చేస్తారు. చివరికి శిఖరమూ మునుగుతుంది. మళ్లీ నీరు తీసేటప్పుడు ముందు శిఖరం, ఆ వెనుక గోడలు, చిట్టచివర బురద నిండిన గర్భగుడి బయటికి వస్తాయి. భక్తులు ఇక్కడ కొలిచేది వేపమాను లింగాన్ని. నీటి అడుగున, బురద కింద గాలి సరిగా ఆడదు కాబట్టి చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రాలు అక్కడ బతకలేవు.

గుడి ఉన్న చోటే ఉంది. జరిగేది ఒడ్డు.

పటంలో జలాశయం చుట్టూ ఒక గీత గీసి దాన్ని ఒడ్డు అంటాం. శ్రీశైలం జలాశయానికి అలాంటి ఒక్క గీత కుదరదు. నిండు మట్టం 885 అడుగులు. కరువు కాలపు వేసవిలో అది 800 అడుగుల దగ్గరికి కూడా దిగిన సందర్భాలున్నాయి. ఈ రెండు మట్టాల మధ్య నేల కొన్ని నెలలు చెరువు, కొన్ని నెలలు బీడు. రెవెన్యూ లెక్కల్లో అది ముంపు భూమి, అంటే పోయిన భూమి. కానీ ఒక జలాశయం ఎంత పూడింది, ఎటువైపు కోసుకుపోతోంది, దానికి నీళ్లిచ్చే నదులు ఏ మన్ను మోసుకొస్తున్నాయి అన్న ప్రశ్నలకు జవాబులు దొరికేది ఆ పోయిన భూమిలోనే. రాయలసీమలో ఒడ్డును చదవడం మొదలుపెడితే అది నలభై ఏళ్లతో ఆగదు. డెబ్బై నాలుగు వేల ఏళ్ల నాటి ఒడ్డు ఉంది, దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ల నాటి ఒడ్డూ ఉంది.

పళ్లెం లాంటి పైభాగం

1963 జులైలో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ఆనకట్ట 1981కి పూర్తయింది. పొడవు 512 మీటర్లు, ఎత్తు 145 మీటర్లు. నల్లమల కొండల్లో కృష్ణ కోసుకున్న ఇరుకు గండికి అడ్డంగా దాన్ని కట్టారు. అక్కడ రెండు పక్కలా క్వార్ట్‌జైట్ రాతి గోడలు నిటారుగా లేస్తాయి. నీరు పది అడుగులు దిగినా అంచు పక్కకు జరిగేది కొద్ది గజాలే. రాతి మీద తడి మచ్చ ఒకటి కనిపిస్తుంది, అంతే. ఎగువన కర్నూలు వైపు సంగతి వేరు. అక్కడ నేల చదును. వెయ్యి అడుగులకు ఒక్క అడుగు వాలిన నేల మీద నీటిమట్టం ఒక్క అడుగు తగ్గితే ఒడ్డు వెయ్యి అడుగులు వెనక్కి పోతుంది. ఒకే జలాశయం, ఒకే రోజు. శ్రీశైలం దగ్గర కదిలినట్టే ఉండని ఒడ్డు సంగమేశ్వరం దగ్గర ఒక పొలం దాటి పోతుంది.

లెక్కల్లోనూ ఈ ఆకారం తెలుస్తుంది. 854 అడుగుల మట్టం వద్ద జలాశయంలో ఉండేది దాదాపు 89 టీఎంసీలు. 885 అడుగులకు చేరితే 215 టీఎంసీలు దాటుతుంది. అంటే పై 31 అడుగుల్లోనే సగానికి మించిన నీరు ఉంది. కింద గుంత, పైన వెడల్పాటి పళ్లెం. ఆ పళ్లెం అంచునే, రాయలసీమ కాలువకు నీరు వదిలే పోతిరెడ్డిపాడు తూములున్నాయి. 854 అన్న అంకె రాయలసీమ రైతు నోట అంత తరచుగా వినిపించడానికి కారణం ఇదే: మట్టం దాని పైన ఉన్నంతకాలం నీరు కాలువలోకి ధాటిగా పారుతుంది; కిందికి దిగేకొద్దీ పారుదల పడిపోతుంది. నీరు మరీ అడుగంటినప్పుడు కూడా తోడుకోవడానికే ముచ్చుమర్రి ఎత్తిపోతల కట్టారు.

అల చెక్కే మెట్లు

నిండిన జలాశయం మీద గాలికి అడ్డు ఉండదు. నీటి మీద గాలి ఎంత దూరం ఆటంకం లేకుండా వీస్తే అల అంత పెద్దదవుతుంది. ఆ అల వచ్చి మట్టి గట్టును అడుగున కొడుతుంది. అడుగు గుల్లయి, పైమట్టి పెళ్లలుగా విరిగి పడుతుంది. పడిన మట్టిలో సన్నటి బంకను అల లోపలికి లాక్కుపోతుంది. గులకరాళ్లు, ముతక ఇసుక అంచునే మిగులుతాయి. నీటిమట్టం కొన్నాళ్లు ఒకేచోట నిలిస్తే అక్కడొక చిన్న మెట్టు పడుతుంది. తర్వాత మట్టం కాస్త దిగి మళ్లీ నిలిస్తే దాని కింద ఇంకొకటి. వేసవిలో ఖాళీ అయిన వాలు మీద ఒకదాని కింద ఒకటిగా కనిపించే ఈ మెట్లు ఆ ఏడాది నీటిని ఎప్పుడు ఆపారో, ఎప్పుడు వదిలారో చెబుతాయి.

నీరు వేగంగా దిగినప్పుడు ఇంకో రకం కోత జరుగుతుంది. నెలల తరబడి నానిన గట్టులో మట్టి రేణువుల మధ్య నీరు నిండి ఉంటుంది. బయట జలాశయపు నీరు ఉన్నంతసేపు అది గట్టుకు ఆనుడుగా నిలుస్తుంది. బయటి నీరు ఒక్కసారిగా తగ్గితే ఆ ఆనుడు పోతుంది, లోపలి తడి మాత్రం అంత త్వరగా బయటికి రాలేదు. బరువెక్కిన గట్టు జారిపోతుంది. రేగడి నేలలో ఇది మరీ ఎక్కువ. తడిస్తే ఉబ్బే, ఎండితే ముడుచుకునే ఆ బంకమన్ను ఏప్రిల్ నాటికి నెర్రెలు విచ్చుతుంది. మళ్లీ వరద వచ్చినప్పుడు నీరు ముందు ఆ నెర్రెల్లోకే దిగుతుంది. విరగడానికి గట్టు అప్పటికే సిద్ధంగా ఉంటుంది.

ఇలాంటి మెట్లను చదివి ఒక పాత సరస్సు చరిత్రంతా బయటికి తీసినవాడు అమెరికా భూగర్భ శాస్త్రవేత్త గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్. యూటా రాష్ట్రంలో ఎండిపోయిన బోన్నెవిల్ సరస్సు మీద ఆయన గ్రంథం 1890లో వెలువడింది. ఇప్పటి గ్రేట్ సాల్ట్ లేక్‌కు దాదాపు 300 మీటర్ల ఎత్తున, కొండల నడుం చుట్టూ ఆ పాత ఒడ్డు మెట్లు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. ఒకే నీటి అంచుగా ఏర్పడిన గీత అన్నిచోట్లా ఒకే ఎత్తున ఉండాలి కదా. గిల్బర్ట్ కొలిచి చూస్తే సరస్సు మధ్యలోని కొండల మీద అది ఎత్తుగా, అంచుల్లో పల్లంగా ఉంది. సరస్సు ఎండి నీటి బరువు తగ్గాక అడుగున భూమి పైకి లేచిందని ఆయన తేల్చారు. ఒడ్డు గీత కొలిచి భూమి లోపలి సంగతి పట్టుకున్న పరిశోధన అది.

మూడు ఏర్లు, మూడు రకాల మన్ను

సంగమేశ్వరం దగ్గర ఏడు నదులు కలుస్తాయని ప్రతీతి. ఒండ్రు సంగతి తెలుసుకోవడానికి వాటిలో మూడు చాలు. కృష్ణ దక్కన్ పీఠభూమి నల్లరాతి ప్రాంతాల నుంచి వస్తుంది. ఆ బసాల్టు రాయి శిథిలమై ఏర్పడిన నల్లటి సన్నటి బంకను తెస్తుంది. తుంగభద్ర పారేది గ్రానైటు, నైస్ రాళ్ల నేల మీద. దాని వంతు ముతక ఇసుక, ఎర్రమన్ను. భవనాశి నల్లమల నుంచి దిగే చిన్న ఏరు. అది దొర్లించుకొచ్చేవి కొండల క్వార్ట్‌జైట్ రాళ్ల ముక్కలు. నీరు తీసిన ఒడ్డున ఒక పిడికెడు మన్ను తీసుకుని తడిపి వేళ్ల మధ్య నలిపితే జిగురుగా సాగేది ఒకటి, గరగరలాడేది ఒకటి. ఏ వరద ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపట్టడానికి అది తొలి ఆధారం.

పారే నీటికి మన్ను మోసే శక్తి వేగం వల్ల వస్తుంది. నది జలాశయంలోకి చేరగానే వేగం చస్తుంది. బరువైన ఇసుక ముందే దిగబడుతుంది, సన్నటి బంక ఇంకా లోపలికి పోయి మెల్లగా అడుగు చేరుతుంది. అందువల్ల పూడిక ఆనకట్ట దగ్గర మొదలై వెనక్కి పేరుకుంటుందనుకోవడం పొరపాటు. ముతక మేట నది వచ్చి కలిసే చోట, అంటే ఎగువ కొసనే మొదలై ఏటా ముందుకు పాకుతుంది. సముద్రం దగ్గర డెల్టా ఏర్పడే పద్ధతి ఇదే. వేసవిలో బయటపడే కొత్త ఇసుక మేటలు, వాటి మధ్య చీలిన పాయలు కర్నూలు దిగువన ఎదుగుతున్న ఒక చిన్న డెల్టాకు గుర్తులు.

ఎంత పూడింది? కట్టినప్పుడు జలాశయం సామర్థ్యం 308 టీఎంసీలు. ముప్పై ఏళ్లు తిరిగేసరికి సర్వేలో తేలిన సామర్థ్యం 215.81 టీఎంసీలు. పోయిన 92 టీఎంసీలు అంటే వెలుగోడు జలాశయం లాంటివి అయిదు నిండగా ఇంకా మిగులుతుంది. పరీవాహక ప్రాంతంలో అడవులు పలచబడటం, వాలు నేలల్లో గట్లు లేని సేద్యం, పైమన్నును ఊడ్చుకుపోయే కుండపోత వానలు, ఇవన్నీ కలిసి ఆ పూడికను పోశాయి. సీమ కాలువలకు చేరాల్సిన నీటికి చోటు అలా తగ్గిపోయింది.

ఒడ్డు ఊరి మీదికి వచ్చిన రోజు

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, కృష్ణ పరీవాహక ప్రాంతాల్లో కుండపోత వానలు కురిశాయి. జలాశయంలోకి వచ్చిన వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. నిండు మట్టం 885 అడుగులైతే నీరు 896 అడుగుల దాకా లేచింది. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసే చోట ఉన్న కర్నూలు నగరం మునిగింది. గాంధీ జయంతి నాటి ఆ వరదను కర్నూలు వాళ్లు ఇప్పటికీ ఇంటి గోడల మీది మట్టి గీతలతో చూపిస్తారు. ఒడ్డు అనేది ఏటా ఎక్కడ ఆగుతుందన్నది కాదు, గరిష్ఠంగా ఎక్కడి దాకా రాగలదన్నది ముఖ్యమని ఆ గీతలు గుర్తుచేస్తాయి.

కడప వైపు జరిగింది దీనికి తిరగబడ్డ కథ. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం మట్టికట్ట తెగింది. గంటల్లో జలాశయం ఖాళీ అయింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు కొట్టుకుపోయాయి, మనుషులు చనిపోయారు. నీరు తీశాక పొలాలు ఇసుక మేటల కింద ఉన్నాయి. వరి, అరటి పండిన ఒండ్రునేల మీద చెయ్యేరు తన అడుగున దాచుకున్న ఇసుకంతా పరిచి పోయింది. ఏరు తన గట్టును మార్చుకోవడానికి శతాబ్దాలే పట్టనక్కర్లేదు.

నీరు తీసిన నేలలో

శ్రీశైలం జలాశయం దిగుతున్నకొద్దీ వెనకాలే జీవం వస్తుంది. తడి ఒండ్రు మీద ముందు గడ్డి మొలుస్తుంది, గొర్రెల మందలు దిగుతాయి. నేల పదునుగా ఉండగానే రైతులు ఆరుతడి పంటలు వేస్తారు. ఎరువు అక్కర్లేని నేల అది. కానీ పంట చేతికి రాకముందే వరద వస్తే అడిగే దిక్కు లేదు. తీతువు పిట్ట గూడు కట్టదు. ఉత్త నేల మీద రాళ్ల మధ్య, రాళ్ల రంగులోనే ఉన్న గుడ్లు పెడుతుంది. ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే నదీ పక్షులూ అంతే. వేసవి మధ్యలో ఎగువ నుంచి నీరు వదిలితే మట్టం రెండడుగులు లేచినా ఆ ఏటి పిల్లలు పోతాయి.

నల్లమల వైపు ఒడ్డు పులుల అభయారణ్యానికి ఆనుకుని ఉంటుంది. మొసళ్లు, నీటికుక్కలు అక్కడ ఉన్నాయి. మండు వేసవిలో వాగులన్నీ ఎండినప్పుడు అడవి జంతువులకు ఈ అంచే దిక్కు. చెంచులకు, చేపలు పట్టి బతికే కుటుంబాలకు కూడా. సన్న కన్ను ఉన్న అలివి వలలు వేస్తే లోతు తక్కువ నీళ్లలో ఎదిగే చేపపిల్లలన్నీ పోతాయి. అందుకే వాటిని నిషేధించారు.

ముంపులో పోయిన ఊళ్లు వందకు పైనే. నీరు బాగా దిగిన ఏడాదిలో పాత బావుల వరలు, ఇళ్ల పునాదులు, గుడి మెట్లు తేలుతాయి. అప్పట్లో పురావస్తు శాఖ కొన్ని గుళ్లను రాయి రాయికీ అంకె వేసి విప్పి, వేరే చోట తిరిగి పేర్చింది. తుంగభద్ర, కృష్ణ కలిసే కూడవెల్లి దగ్గరి సంగమేశ్వరాలయం అలాగే అలంపురానికి చేరింది. కదిలించలేకపోయినవి ఇప్పుడు ఏటా తడిసి ఆరే మట్టిలో కొంచెం కొంచెంగా కరుగుతున్నాయి.

డెబ్బై నాలుగు వేల ఏళ్ల నాటి మడుగు

బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడి గోతుల్లో ఎర్రమన్ను మధ్య తెల్లటి బూడిద పొర కనిపిస్తుంది. కొన్నిచోట్ల రెండు మీటర్లు దాటి ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే పిండిలా మెత్తగా ఉంటుంది, నలిపితే సన్నగా గీరుతుంది. అందుకే గిన్నెలు తోమే పొడుల కోసం దాన్ని తవ్వి అమ్మారు. ఆ బూడిద సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు గాలిలో కొట్టుకొచ్చింది.

గాలిలో వచ్చి రాలిన బూడిద మామూలుగా కొన్ని సెంటీమీటర్లకు మించదు. జ్వాలాపురంలో అంత మందాన ఎందుకు ఉంది? అప్పుడు ఆ లోయ అడుగున నిలవ నీరు, చిత్తడి నేల ఉండేవి. చుట్టూ గుట్టల మీద పడిన బూడిదను వానలు కడిగి ఆ మడుగులోకి చేర్చాయి. ఇప్పుడు శ్రీశైలంలో ఒండ్రు చేరుతున్నట్టే అప్పుడు జుర్రేరు మడుగులో బూడిద చేరింది. మైఖేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ తదితరులు 2007లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన పరిశోధన ప్రకారం బూడిద పొరకు కిందా పైనా ఒకే తీరు రాతి పనిముట్లు దొరికాయి. అంత పెద్ద ఉత్పాతం తర్వాత కూడా ఈ లోయలో మనుషులు నిలిచారని వాళ్ల వాదన. నీళ్ల ఒడ్డున బతికిన మనుషుల జాడను ఆ మడుగు పూడికే మనకు భద్రం చేసి ఇచ్చింది.

చెరువు దోషాలు ఆరు

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకు 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, అంటే భవదూరుడు, ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. శాసనంలో చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు చెప్పారు. కట్ట ఊట కారడం ఒక దోషం, చౌడు నేల ఒకటి. చెరువు మధ్యన మెరక ఉండటం ఒక దోషం. ఒడ్డు లోపలికే వచ్చి నీటి చోటు తినేస్తుందని ఆ పనివాళ్లకు తెలుసు. నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం మరి రెండు. మిగిలిన దోషం రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. 2014 నుంచి శ్రీశైలం జలాశయానికి ఒక ఒడ్డు ఆంధ్రప్రదేశ్, ఎదుటి ఒడ్డు తెలంగాణ. దాని పూడికను కొలిచినా, మట్టం నిర్ణయించినా రెండు రాష్ట్రాలూ కలిసి చేయాల్సిన పనే.

రాయిగా మారిన తీరం

వేంపల్లె, పులివెందుల చుట్టుపక్కల డోలమైట్ రాళ్లలో గుండ్రంగా, పొరలు పొరలుగా ఉబ్బిన ఆకారాలు కనిపిస్తాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవులు జిగురు పొరగా పరుచుకుని, అలలు తెచ్చిన సన్నటి మన్నును పట్టుకుని, దాని మీద మళ్లీ పెరిగి కట్టిన గుట్టలవి. పైన తాడిపత్రి శిలల్లోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిల వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లు. కాబట్టి వేంపల్లె తీరం అంతకంటే పాతది. తుమ్మలపల్లె గనిలో యురేనియం దొరుకుతున్నది ఆ తీరపు రాతిలోనే. కడప హరివాణంగా భూగర్భ శాస్త్రం పిలిచే ఈ అర్ధచంద్రాకారపు ప్రాంతంలో సముద్రం ఎన్నోసార్లు ముందుకొచ్చి వెనక్కి పోయింది. 1872లో విలియం కింగ్ ఈ శిలల మీద జియలాజికల్ సర్వే తరఫున రాసిన సంపుటం తర్వాతి పరిశోధనలన్నిటికీ పునాది.

గండికోట కొండ మీది క్వార్ట్‌జైట్ పలకల మీద అలల ముడతలు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. ఆ కొండకు పక్కనే పెన్నా మీద గండికోట జలాశయం ఉంది, సామర్థ్యం 26.85 టీఎంసీలు. 2020లో తాళ్లప్రొద్దుటూరును ఖాళీ చేయించి నీరు పూర్తిగా నింపడం మొదలుపెట్టారు. దాని ఒడ్డుకు ఇంకా పట్టుమని పదేళ్లు లేవు. శ్రీశైలంలో తొలినాళ్ల ఒడ్డు ఎలా మారిందో ఊరివాళ్లు ఏటా కొలిచి రాసిన లెక్కలు లేవు. గండికోటలో ఆ లోటు రానివ్వకుండా చూసుకునే వీలు ఇప్పుడుంది. 1984 నుంచి భూమి మీది జలాశయాల అంచులు నెలనెలా ఎలా జరిగాయో చూపే ఉపగ్రహ పటాలు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతున్నాయి. కొండాపురం, జమ్మలమడుగు కళాశాలల పిల్లలు ఒడ్డు పొడవునా పది చోట్ల రాతి గుర్తులు పాతి, ఏటా మే నెలలో నీటి అంచు దాకా దూరం కొలిచి, గట్టు ఎంత విరిగిందో, మేట ఎంత పెరిగిందో రాసి పెడితే చాలు. టేపు, నోటు పుస్తకం, ఒక ఫోను ఉంటే ఆ పని జరిగిపోతుంది. పదేళ్ల లెక్కలు చేతికొచ్చాక పెన్నా ఏ మేర పూడ్చిందో, ఏ వాలున గట్లు కట్టాలో, ఏ వంకకు ఎగువన చెట్లు పెంచాలో జలవనరుల శాఖకు లెక్కతో చూపించి అడగవచ్చు.